నాన్నకి అతిమధురం పంపే ముందు

అమ్మలూ,

లాన్‌జౌ మందుల దుకాణంలో తీసుకున్న ఫోటో చూశాను. చేతిలో గాన్‌త్సావ్ పొట్లం పట్టుకుని ఎంత సంబరంగా ఉన్నావో! సెలవులకి వచ్చేటప్పుడు అరకిలో తెస్తాననీ, నాన్నకి రోజూ కషాయం కాచి ఇస్తే ఆ పొడిదగ్గు పోతుందనీ రాశావు. మీ నాన్న నాకు తమ్ముడు, వాడి దగ్గు నాకూ బెంగగానే ఉంది. అయితే ముప్పై ఏళ్లు ఆసుపత్రి ఫార్మసీలో మందులిచ్చిన దాన్ని కాబట్టి, ఈ వేరు సంగతి నీకు వివరంగా చెప్పాలనిపించింది.

గాన్‌త్సావ్ అంటే తియ్యటి గడ్డి అని అర్థం. నువ్వుంటున్న గాన్సు రాష్ట్రం పేరులోని గాన్, ఈ గాన్ ఒకటే అక్షరం. ఇది మన అతిమధురమే. మన ఆయుర్వేదం యష్టిమధు అంటుంది. అక్కడ ఎక్కువగా వాడేది ఉరలెన్సిస్ రకం, మన పచారీ కొట్టులో దొరికేది సాధారణంగా గ్లాబ్రా రకం. తీపినిచ్చే పదార్థం రెండింటిలోనూ గ్లైసిరైజినే.

చైనా వైద్యులు దీన్ని ఎలా వాడతారో గమనించు, అందులోనే నీకు సగం జవాబు దొరుకుతుంది. చాలా యోగాల్లో, అంటే మూలికలు కలిపి చేసే మందుల్లో, ఇది కనిపిస్తుంది, కానీ పెద్ద పాత్ర దీనికి ఇవ్వరు. ఘాటైన మందుల దూకుడు తగ్గించడానికీ, తక్కిన మూలికలను ఒకదానితో ఒకటి కలపడానికీ కొంచెం వేస్తారు. 5, 6 శతాబ్దాల్లో జీవించిన చైనా వైద్య పండితుడు తావ్ హోంగ్‌జింగ్ దీన్ని రాజ్యంలోని పెద్దమనిషితో పోల్చాడు. రాజు కాకపోయినా రాజు మన్నించే పెద్ద అన్నమాట. ఇదే ముఖ్యమైన మందుగా ఉన్న యోగాలూ లేకపోలేదు. సుమారు 1,800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు చెప్పిన వాటిలో షావ్‌యావ్ (పియోనీ పూలమొక్క) వేరుతో సమానంగా కలిపి పిక్కలు పట్టేస్తే ఇచ్చేది ఒకటి. జపాన్ వైద్యులు ఇప్పటికీ కండరాల పట్టుకి దాన్ని రాస్తారు. గొంతు నొప్పికి మాత్రం ఒక్క గాన్‌త్సావ్‌నే కాచి ఇమ్మన్నాడు.

పచ్చిదానికీ వేయించినదానికీ తేడా ఉంది. గొంతుకీ దగ్గుకీ పచ్చి ముక్కలు వాడతారు. తేనె పట్టించి, చేతికి అంటుకోకుండా అయ్యేదాకా దోరగా వేయించినది నీరసానికీ, గుండె దడకీ, జీర్ణశక్తి తగ్గినప్పుడూ ఇస్తారు. అక్కడి వైద్యులు 2 నుంచి 10 గ్రాముల మధ్య, మనిషిని చూసి, నాడి చూసి మోతాదు రాస్తారు. అరకిలో పొట్లం ఇంట్లో పెట్టుకుని రోజూ తాగమని చెప్పరు.

నా దగ్గరికి ఒక రిటైరైన మాస్టారు వచ్చేవారు, బీపీ మాత్రలు తీసుకెళ్లడానికి. ఒకసారి ఆయన పాదాలు వాచి ఉన్నాయి. మెట్లెక్కితే తొడలు సహకరించడం లేదమ్మా అన్నారు. బీపీ బాగా పెరిగింది. డాక్టరు గారు రక్తపరీక్ష చేయిస్తే పొటాషియం పడిపోయి ఉంది. ఎవరికీ కారణం దొరకలేదు. మందుల చీటీ పక్కనపెట్టి, ఇంట్లో ఇంకేమైనా తింటున్నారా అని అడిగాను. గొంతు గరగరకి రెండు నెలలుగా అతిమధురం ముక్క బుగ్గన పెట్టుకుంటున్నానన్నారు. అది ఆపాక కూడా కుదురుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. అది మందని ఆయనకి తోచనే లేదు, అందుకే డాక్టరుకి చెప్పలేదు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

నువ్వు ఫిజియాలజీ చదువుతున్నావు కాబట్టి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. కార్టిసాల్ అనే హార్మోను ప్రభావం మూత్రపిండాల మీద పడకుండా ఒక ఎంజైమ్ కాపలా కాస్తుంది. గ్లైసిరైజిన్ ఆ కాపలాని ఆపేస్తుంది. అప్పుడు ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి, పొటాషియం మూత్రంలో పోతుంది. మీ నాన్న వేసుకునే నీరు తీసే మాత్ర కూడా పొటాషియాన్ని తగ్గించేదే. రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. గుండెజబ్బుకిచ్చే డిజాక్సిన్ వాడేవాళ్లకైతే మరీ ప్రమాదం. గర్భిణులకీ వద్దు.

ఇంకో మాట. వాడికి ఈ దగ్గు బీపీ మాత్ర మార్చిన తర్వాతే మొదలైందని మీ అమ్మ అంది. ఎనాలాప్రిల్, రామిప్రిల్ లాంటివి కొందరికి పొడిదగ్గు తెస్తాయి. అదే కారణమైతే డాక్టరు వేరే రకం మాత్ర రాస్తారు, కొన్ని వారాల్లో దగ్గు తగ్గుతుంది. మాత్ర వల్ల వచ్చిన దగ్గుకి, ఆ మాత్ర పనినే పాడుచేసే కషాయం పోయడం ఎంత పొరపాటో చూడు. అలాగని మాత్ర తనంతట తాను ఆపేయొద్దని కూడా నాన్నకి చెప్పు.

నీకు గొంతు పట్టేస్తే వాడుకో, నేను వద్దనను. మూడు గ్రాముల ముక్కలు అరగంట నానబెట్టి, ఒకటిన్నర గ్లాసు నీళ్లలో సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు కాచి, వడకట్టి రెండుసార్లుగా తాగు. మట్టిపాత్ర గానీ గాజుపాత్ర గానీ మంచిది. మూడు నాలుగు రోజులు చాలు. తగ్గకపోతే డాక్టరుకి చూపించు. కొనేటప్పుడు సాగుచేసిన మొక్కల వేరునే అడుగు. అడవి మొక్కల్ని తవ్వేయడంతో పచ్చికబయళ్లు ఇసుకపాలవుతున్నాయని చైనా ప్రభుత్వం 2000లో ఆ తవ్వకాల మీద ఆంక్షలు పెట్టింది.

ఈ ఆదివారం నాన్నతో మాట్లాడేటప్పుడు మాత్రల అట్టల ఫోటోలు అడిగి నాకు పంపు. సోమవారం నేనే వాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, పొటాషియం పరీక్ష కూడా చేయించమని అడుగుతాను. ఆ అరకిలో పొట్లం బదులు అక్కడి ఎండు ఎర్రరేగుపళ్లు తీసుకురా. వాడికి షుగర్ లేదు, ఇష్టంగా తింటాడు.

మీ అత్త