గోడలు నిట్టగా నిలబెట్టబోయి అమ్మమ్మను తుడిచేశాను

అడిగిన ప్రశ్న: "మా తాతగారు చదువుకున్న పాత బడి బిల్డింగును ఫోన్లో అడ్డంగా తీశాను. గోడలు వెనక్కి పడిపోతున్నట్టు, పైకెళ్లే కొద్దీ దగ్గరకొస్తున్నట్టు వచ్చాయి. సరిచేసి, క్రాప్ చేసి, 12×18 ఫ్రేము కట్టించాలి. ఏ యాప్ మంచిది?"

యాప్ ఏదైనా పర్వాలేదండీ. ఫోన్లో అయితే స్నాప్‌సీడ్‌లో పర్‌స్పెక్టివ్ అని ఉంటుంది, కంప్యూటర్లో అయితే లైట్‌రూమ్‌లో అప్‌రైట్ ఉంది. రెండూ చేసే పని ఒకటే. ఫొటో పైభాగాన్ని పక్కలకు సాగదీస్తాయి, లేదా కిందిభాగాన్ని నొక్కుతాయి. ఆ సాగదీతలో ఏది పోతుందో చూసుకోకపోతే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. అది చెబుదామనే కూర్చున్నాను.

మాది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి. ఇరవై ఆరేళ్లు ఇక్కడే స్టూడియో నడిపాను. పెళ్లిళ్లు, పాస్‌పోర్ట్ ఫొటోలు, అప్పుడప్పుడు బ్యాంకు లోన్ల కోసం ఇళ్ల ఫొటోలు. ఇళ్ల ఫొటోలంటే అప్పట్లో ఎవరికీ లెక్కలేదు, గోడ వంగినా మేనేజరు సంతకం పెట్టేసేవాడు. రీలు రోజుల్లో ఈ వంకర తీయడం నేర్చుకున్నది బరంపురంలో మా గురువుగారి డార్క్‌రూమ్‌లో. రీలు మీది బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం ఎన్‌లార్జర్, దాని కింద కాగితం పెట్టే ఈజిల్ అనే పలక ఉంటుంది చూశారూ, బిల్డింగు అడుగు ఏ వైపు పడుతుందో ఆ వైపు దాని కింద అగ్గిపెట్టె దూర్చేవారు. అడుగు లెన్సుకు దగ్గరై కాస్త చిన్నదవుతుంది, పైభాగం దూరమై పెద్దదవుతుంది, గోడలు నిలబడతాయి. ఒక వైపు ఎత్తడం వల్ల ఫోకస్ చెదరకుండా అపర్చర్‌ను, అంటే లెన్సు కన్నాన్ని, పదకొండుకో పదహారుకో చిన్నది చేసేవారు. "అగ్గిపెట్టె చాల్రా, ఇటుక పెట్టకు" అనేవారు. లైట్‌రూమ్‌లో అప్‌రైట్ 2013లో వచ్చింది. మా అగ్గిపెట్టె అంతకు ముందెప్పటిదో!

అసలు ఈ వంకర ఎందుకొస్తుందంటే, కెమెరాను పైకెత్తి తీస్తాం కాబట్టి. కెమెరా గోడకు సమాంతరంగా నిటారుగా ఉంటే రాదు. అలా పెడితే పైకప్పు తెగుతుంది, కింద సగం ఫొటో రోడ్డే పడుతుంది. దానికి వెనక్కి వెళ్లాలి, లేదా ఎత్తు ఎక్కాలి, లేదా కెమెరా ఎత్తకుండానే పైకి జరిగే షిఫ్ట్ లెన్స్ కొనాలి. షిఫ్ట్ లెన్స్ ధర మనలాంటి వాళ్లం చూడకపోవడమే మంచిది.

ఇప్పుడు నా సంగతి. పదేళ్ల కిందట మా అమ్మమ్మ వాళ్ల మేడ పడగొట్టాలని మావయ్యలు నిర్ణయించారు. రెండంతస్తులు, సున్నపు గోడలు, పిట్టగోడ మీద సున్నంతో చేసిన రెండు నెమళ్లు, వీధి వైపు పొడవాటి అరుగు. ఆ వీధిలో రెండు రిక్షాలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఎదురింటి గోడకు వీపు ఆనించి, లెన్సును బాగా వెడల్పుగా చూపే పద్దెనిమిది మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, కెమెరా పైకెత్తి తీశాను. ఎదురింటి డాబా ఎక్కి తీసుంటే ఈ కథే ఉండేది కాదు. మేడ సగం ఎత్తుకు చేరితే కెమెరా పైకెత్తక్కర్లేదు. కానీ కాలవ నీళ్ల గొడవ వల్ల ఎదురింటివాళ్లతో మాకు మాటల్లేవు. వాళ్ల మెట్లు ఎక్కుతానని అడగడానికి నాకు మనసొప్పలేదు. అప్పటికి అమ్మమ్మకు ఎనభై దాటాయి. ఫొటో తీస్తున్నానని కూడా తెలియకుండా అరుగు మీద ఎడమ చివర కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది.

ఇంటికొచ్చి కంప్యూటర్లో వేశాను. మేడ గుడి గోపురంలా కూచిగా ఉంది. అప్‌రైట్‌లో గైడెడ్ అనేది నిటారుగా ఉండాల్సిన వాటి మీద మనల్నే గీతలు గీయమంటుంది కదా, మేడ రెండు చివరి అంచుల మీదా రెండు గీతలు గీశాను. మేడ నిలబడింది. అయితే పక్కన కరెంటు స్తంభం బయటికి వాలిపోయింది! ద్వారబంధాలు కూడా పైకెళ్లే కొద్దీ విచ్చుకున్నాయి. అరగంట తల బద్దలు కొట్టుకుంటే గానీ తట్టలేదు. ఆ గోడలు కట్టడంలోనే కింద మందం, పైకి సన్నం. అంచు నిజంగానే లోపలికి వాలి ఉంటుంది. నేను ఆ నిజమైన వాలును కూడా తప్పుగా లెక్కేసి తీసేశాను. గోపురాలకీ, పైకెళ్లే కొద్దీ వంపు తిరిగి సన్నబడే ఒరియా గుళ్ల రేఖా దేవుల్ శిఖరాలకీ ఇదే చిక్కు. వాటి అంచుల మీద గీత గీసి నిటారు చేస్తే గుడి కాస్తా సిమెంటు ట్యాంకు అవుతుంది. గీత ఎప్పుడూ వడ్రంగి గుండు వేలాడదీసి నిలబెట్టిన దాని మీదే గీయాలి. తలుపు చట్రం, కిటికీ, స్తంభం, అలాంటివి.

సరే, గీతలు మార్చి మళ్లీ చేశాను. ఈసారి కింద రెండు మూలలా తెల్లటి ముక్కోణాలు మిగిలాయి. కిందిభాగం నొక్కుకుపోయిందిగా. క్రాప్ చేయాలి. పెద్ద ప్రింటుకు పొడవు, వెడల్పుల నిష్పత్తి 3:2 దాటకుండా తాళం వేసి పెట్టాను. పైన వెడల్పు ఎక్కువ, నెమళ్లు కూడా అక్కడే, కాబట్టి క్రాప్ పెట్టెను పైకి జరిపాను. అబ్బ, ఏముంది మేడ! నిట్టగా, రాజావారి కోటకు తమ్ముడిలా. కింది అంచున ఎడమ పక్కన చిన్న తెల్ల మచ్చ కనిపించింది. సున్నం పెచ్చు ఊడిందనుకుని మచ్చలు చెరిపే హీలింగ్ బ్రష్‌తో ఒక్కసారి తుడిచేశాను.

ప్రింటు వేయించి అమ్మకు ఇచ్చాను. అమ్మ నెమళ్లు చూసింది, కిటికీలు లెక్కపెట్టింది, కళ్లజోడు పైకి తోసుకుని కింది అంచు వైపు వేలు జరిపింది. "మేడ నిట్టగా నిలబెట్టీసినావు గానీ, మా యమ్మేదిరా? అరుగేదిరా?" అంది.

ఆ తెల్ల మచ్చ అమ్మమ్మ నడినెత్తి.

నా అదృష్టం, ఒరిజినల్ ఫైలు చెరపలేదు. స్టూడియో అలవాటు. ఇప్పటి పిల్లలు ఫోన్లో ఎడిట్ చేసి దాని మీదే సేవ్ కొట్టి, అసలుది వాట్సాప్‌లో ఉందిగా అంటారు. వాట్సాప్‌లో మామూలుగా పంపింది నలిగిపోయిన కాపీ అని ఎన్నిసార్లు చెప్పాలి? పంపాల్సొస్తే డాక్యుమెంట్‌గా పంపండి. ఇంకో బాధ, ప్రింటు కింద "అమ్మమ్మ మేడ" అని తెలుగులో రాయమంటే ఇక్కడి షాపులో వత్తు ఎగిరిపోయి "అమమ మేడ" అని వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది! 1936లో ఒరిస్సాలో కలిశాం సరే, మ వత్తు కూడా సరిహద్దు అవతల పాతపట్నంలో దిగిపోయిందా? కావలసిన మాటను ఇంట్లోనే బొమ్మగా చేసి ఇచ్చాను రెండోసారి.

రెండోసారి దిద్దుబాటు సగమే చేశాను. స్లైడర్‌ను పూర్తిగా తోయలేదు. నా ఉద్దేశంలో ఎవరూ పూర్తిగా తోయకూడదు. మనిషి వీధిలో నిలబడి తలెత్తితే మేడ కాస్త వెనక్కి వాలినట్టే కనిపిస్తుంది, ఆ వాలు కంటికి అలవాటు. పూర్తిగా తీసేస్తే తల బరువెక్కి మేడ మన మీదకు ఒరుగుతున్నట్టుంటుంది. ముప్పావు వంతు తోసి ఆపండి. నేనైతే అమ్మమ్మ కోసం సగంలోనే ఆపాను, దాంతో కింద అరుగు మొత్తం మిగిలింది, చింతపండు చేటతో సహా. పైన ఒక నెమలికి తోక తెగింది. అమ్మ ఏమీ అనలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం ఫ్రేము వంకరగా ఉందనుకుని మేకు దగ్గర సర్దుతుంటారు.

ఇక మీ ఫొటో. ఫోన్ ఫొటో 4:3 ఉంటుంది, మీకు కావలసిన 12×18 ఏమో 3:2. అంటే దిద్దకముందే పైనో కిందో తొమ్మిదో వంతు పోతుంది. 4000×3000 ఫొటో అయితే మూడు వందల ముప్పై పిక్సెళ్ల పైమాట. దిద్దాక ఇంకా పోతుంది. వీలైతే మళ్లీ వెళ్లి తీయండి. నాలుగడుగులు వెనక్కి జరిగి, చుట్టూ బోలెడు ఖాళీ వదిలి, గ్రిడ్ గీతలు ఆన్ చేసి తీయండి. ఫోన్లో బాగా వెడల్పుగా చూపే 0.5 లెన్సు వాడకండి. మా ఊరి కోట ముందు నిలబడి దాంతో తీసుకునేవాళ్లను రోజూ చూస్తుంటాను, అంచున నిలబడిన పిల్లాడి తల గుమ్మడికాయంత వస్తుంది. ముందు ఫొటోను తిప్పి నేల సరిచేయండి, తర్వాత నిలువు వాలు, ఆఖర్న క్రాప్. తిరగేసి చేస్తే రెండుసార్లు కోత. దిద్దాక బిల్డింగు పొట్టిగానో పొడుగ్గానో అనిపిస్తే లైట్‌రూమ్‌లో ఆస్పెక్ట్ అనే స్లైడర్ ఉంది, కిటికీల కొలత చూసుకుంటూ కొంచెం కదపండి.

మళ్లీ వెళ్లలేకపోతే ఉన్నదాన్నే 12×16 వేయించండి. అది 4:3యే, ఫ్రేముల షాపువాడు కొంచెం గొణుగుతాడు, అంతే. మీరు పెట్టిన ఫొటోలో ఎడమ చివర, బడి గేటు దగ్గర, సైకిల్ పట్టుకుని ఒక పెద్దాయన నిలబడ్డారు. క్రాప్‌లో ముందు పోయేది ఆయనే. ఆయనెవరో మీ తాతగారిని అడిగి, ఆ తర్వాత కత్తిరించండి.