టెక్ సందేహాలు: ఈ వారం కార్ కన్సల్టెన్సీల వంతు

నెల రోజులుగా ఈ శీర్షికకు వస్తున్న ప్రశ్నల్లో పాత కార్ల వ్యాపారం చేసేవాళ్లవి ఎక్కువయ్యాయి. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో ఏడెనిమిది బండ్లు, కడగడానికి ఒక కుర్రాడు, యజమాని చేతిలో రెండు ఫోన్లు. ఈ మాత్రం వ్యాపారానికి ఏం కొనాలి, ఏ యాప్ వాడాలి అని అడుగుతున్నారు. ఫోన్ హ్యాంగ్, ల్యాప్‌టాప్ స్లో లాంటివి వచ్చే వారం చూద్దాం. ఈసారి చోటంతా వీళ్లకే.

బండి కొనేటప్పుడు మీటరు తిప్పారో లేదో తెలియడం లేదు. ఆన్‌లైన్లో వెయ్యి రూపాయలకు ఓబీడీ స్కానర్ దొరుకుతోంది. పనిచేస్తుందా? – నరసరావుపేట

పనిచేస్తుంది. కారు కంప్యూటర్ రాసిపెట్టుకున్న వివరాలను, అది పట్టుకున్న లోపాల గుర్తులను (ఎర్రర్ కోడ్‌లు) ఫోన్లో చూపించే చిన్న పరికరం ఇది. కాకపోతే దాన్ని ఏం అడగాలో మీకు తెలియాలి. చాలామంది దాన్ని గుచ్చి, ‘ఎర్రర్ కోడ్‌లు లేవు’ అని కనిపించగానే సంతోషపడి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. కోడ్‌లు లేకపోవడం మంచి లక్షణమే. కానీ అమ్మే పార్టీ దగ్గర కూడా అదే వెయ్యి రూపాయల స్కానర్ ఉండొచ్చు, మీరు వచ్చే ముందే కోడ్‌లన్నీ చెరిపేసి ఉండొచ్చు.

2013 తర్వాతి కార్లలో చాలావాటికి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ‘ఈఎల్ఎం 327’ రకం బ్లూటూత్ స్కానర్ అందులో పెట్టి, ఫోన్లో ‘కార్ స్కానర్’ గానీ ‘టార్క్’ గానీ వేసుకోండి. ఐఫోన్ వాడుతున్నట్లయితే పాత బ్లూటూత్ రకం కలవదు, బ్లూటూత్ ఎల్ఈ లేదా వైఫై రకం తీసుకోవాలి. ఇంజిన్ ఆన్ చేసి మూడు చోట్ల చూడండి.

మొదటిది, ‘డిస్టెన్స్ సిన్స్ కోడ్స్ క్లియర్డ్’. కోడ్‌లు చెరిపిన దగ్గర్నుంచి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఇంజిన్ కంప్యూటర్ రాసిపెట్టుకునే లెక్క ఇది. మీటరు తిప్పేవాళ్లు డ్యాష్‌బోర్డులోని అంకె మారుస్తారు, ఈ లెక్క జోలికి పోనివాళ్లే ఎక్కువ. మీటరు మీద 42,000 ఉండి, ఇక్కడ 58,000 కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి 42 వేలు తిరిగిన బండి, కోడ్ చెరిపాక 58 వేలు ఎలా తిరుగుతుంది? ఈ లెక్క 65,535 దగ్గర ఆగిపోతుంది, అంతకు మించి చూపించదు. అంకె తక్కువుందని బండి మంచిదనుకోకండి. 12 కిలోమీటర్లు అని చూపిస్తే, ఎవరో నిన్నో మొన్నో కోడ్‌లు చెరిపారని అర్థం. కొన్ని కార్లలో బ్యాటరీ తీసి పెట్టినా ఇది సున్నా అవుతుంది, కాబట్టి వెంటనే దొంగ అనేయకండి. ఎందుకు చెరిపారని మాత్రం అడగండి.

రెండోది, ‘రెడీనెస్ మానిటర్స్’. కోడ్‌లు చెరపగానే కారు తన పరీక్షలన్నీ మళ్లీ మొదలుపెడుతుంది. అవి పూర్తి కావడానికి కొన్నాళ్లు రకరకాల వేగాల్లో తిరగాలి. వరసగా ‘ఇన్‌కంప్లీట్’ అని ఉంటే పైన చెప్పిన అనుమానం బలపడుతుంది. అలాంటప్పుడు బండిని ఓ వంద కిలోమీటర్లు తిప్పి మళ్లీ చూస్తానని చెప్పండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

మూడోది ఛాసిస్ నంబరు. చాలా కార్లలో 17 అక్షరాల నంబరు ఇంజిన్ కంప్యూటర్లో కూడా ఉంటుంది. యాప్‌లో కనిపించేదాన్ని ఆర్‌సీలో ఉన్నదానితో, బండి మీద కొట్టిన దానితో అక్షరం అక్షరం పోల్చండి.

ఈ చవక స్కానర్లు ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ వివరాలను అన్ని కార్లలోనూ చదవలేవు. దాని కోసం పెద్ద స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఇంకో మాట, పని కాగానే స్కానర్ పీకేయండి. షెడ్డులో వారం రోజులు కదలని బండికి దాన్ని అలాగే వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది.

ఇంతకీ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను కొన్న మొదటి సెకండ్‌హ్యాండ్ కారు మీటరు మీద 48 వేలు. ఆర్నెల్ల తర్వాత ఎయిర్ ఫిల్టర్ మార్చడానికి బానెట్ ఎత్తితే, లోపల ఓ మూల నూనె మరకలతో ఒక స్టిక్కర్ కనిపించింది. ‘నెక్స్ట్ ఆయిల్ ఛేంజ్: 81,000’. అమ్మినాయన బండంతా పాలిష్ కొట్టించాడు గానీ దాన్ని పీకడం మరిచిపోయాడు. స్కానర్‌తో పాటు టార్చిలైటు కూడా పట్టుకెళ్లండి.

డబ్బులు మిగిలితే రెండో పరికరంగా పెయింట్ మందం కొలిచే గేజ్ తీసుకోండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మూడు డోర్లు 110 చూపించి నాలుగోది 300 చూపిస్తే అది మళ్లీ పెయింట్ కొట్టిన డోరు. వెయ్యి దాటితే లోపల పుట్టీ ఉంది. ప్లాస్టిక్ బంపర్ల మీద మాత్రం ఇది పనిచేయదు. డోరుకి పెయింట్ వేయించడం పెద్ద నేరం కాదు, సందులో గీత పడినా వేయిస్తారు. పిల్లర్ (రూఫ్‌ను మోసే స్తంభం) మీదో, రూఫ్ మీదో అంకె ఎగిరితే మాత్రం గట్టిగా ఆలోచించాలి.

వరదలో మునిగిన బండి అని ఏ యాప్ అయినా చెబుతుందా? – విజయవాడ

చెప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగాక మీ ఊళ్లోనే ఎన్ని కార్లు మునిగాయో చూశారు కదా. సీటు బెల్టును చివరిదాకా లాగి అంచు దగ్గర బురద చార ఉందేమో చూడండి. సీటు కింద పట్టాల తుప్పు, కార్పెట్ కింది వాసన చూడండి. స్కానర్లో ‘యు’తో మొదలయ్యే కోడ్‌లు గుంపుగా వస్తే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదని అర్థం. నీళ్లు దిగిన వైరింగ్‌కి అది ఒక గుర్తు.

స్టాకు, లెక్కలు చూసుకోవడానికి 18 వేల రూపాయల డీలర్ సాఫ్ట్‌వేర్ కొనమంటున్నారు. నెలకి ఐదారు బండ్లు అమ్ముతాను. కొనాలా? – ఖమ్మం

ఆ డబ్బు పెట్టి రెండు టైర్లు మార్పించండి. నెలకి ఐదారు బండ్లకు గూగుల్ షీట్స్ చాలు, ఉచితం, ఫోన్లోనే నడుస్తుంది. బండికో వరుస. కాలమ్‌లు ఇవి: నంబరు, కొన్న తేదీ, కొన్న ధర, రిపేరు ఖర్చు, అమ్మిన తేదీ, అమ్మిన ధర, జీఎస్టీ, మిగిలింది. ఇందులో జీఎస్టీ కాలమ్ దగ్గరే చాలామంది లెక్క తప్పుతోంది, కాబట్టి కొంచెం ఆగి చెబుతాను.

2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం పాత వాహనాలన్నిటికీ ఒకే రేటు, 18 శాతం, ఖరారు చేసింది. 2025 జనవరి 16 నుంచి అమల్లో ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న డీలరు కట్టాల్సింది మొత్తం ధర మీద కాదు, మార్జిన్ మీద. మార్జిన్ అంటే అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేయగా వచ్చేది. రిపేరు ఖర్చు ఇందులో తీసేయడానికి లేదు. దెబ్బ పడేది ఇక్కడే.

4,50,000కు ఒక బండి కొన్నారు. డెంటింగ్, పెయింటింగ్, టైర్లు కలిపి 30,000 పెట్టారు. 5,10,000కు అమ్మారు. మీ లెక్కలో లాభం 30,000. జీఎస్టీ లెక్కలో మార్జిన్ 60,000, పన్ను 10,800. చేతిలో మిగిలేది 19,200. బేరం ఆడేటప్పుడు ఈ 10,800 మనసులో లేకపోతే ‘సరే అన్నా, పదివేలు తగ్గిస్తా’ అని నోరు జారతారు.

నష్టానికి అమ్మిన బండికి మార్జిన్ మైనస్ వస్తే దానికి పన్ను ఉండదు. అలాగని ఆ నష్టాన్ని వేరే బండి లాభంలోంచి తీసేయకూడదు. అందుకే షీట్‌లో పన్నును నెల మొత్తం మీద కాకుండా బండి బండికీ లెక్కగట్టాలి. కొన్న ధర సీ కాలమ్‌లో, అమ్మిన ధర ఎఫ్ కాలమ్‌లో ఉందనుకోండి. ఎఫ్‌లోంచి సీ తీసేసి, దాన్ని ‘మ్యాక్స్’ ఫంక్షన్‌లో సున్నాతో పోల్చి, వచ్చినదాన్ని 18 శాతంతో గుణించండి. మైనస్ వస్తే అదే సున్నా వేసుకుంటుంది. బండి కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే ఈ మార్జిన్ పద్ధతి వర్తించదు. రిపేరు బిల్లుల క్రెడిట్ సంగతి మీ ఆడిటర్‌తో తేల్చుకోండి.

ఇంకో కాలమ్ తప్పకుండా పెట్టండి, ‘ఎన్ని రోజులైంది’ అని. ‘టుడే’ ఫంక్షన్‌లోంచి కొన్న తేదీ తీసేస్తే రోజులు వస్తాయి. 45 దాటితే గడి ఎర్రబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి. పైన చెప్పిన బండి మీద మీ పెట్టుబడి 4,80,000. నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చారనుకుందాం. నెలకి 7,200, అంటే రోజుకి 240. ఎనభయ్యో రోజుకి 19,200 వడ్డీకే సరి. ఆ బండి ఆదివారం కూడా మీ 240 తింటూనే ఉంటుంది. ఎర్రబడిన గడిని పొద్దున్నే చూస్తే బేరంలో పట్టు ఎక్కడ సడలించాలో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పక్కర్లేదు.

వాట్సాప్‌లో కొత్త స్టాక్ ఫొటోలు రెండు వేల మందికి పంపిస్తే నంబరు బ్యాన్ అయింది. తిరిగి వస్తుందా? – కర్నూలు

యాప్‌లోనే రివ్యూ కోసం అర్జీ పెట్టే వీలుంటుంది, పెట్టండి. రావొచ్చు, రాకపోవచ్చు. బల్క్ మెసేజ్ సాఫ్ట్‌వేర్, మార్పులు చేసిన వాట్సాప్ లాంటివి వాడి ఉంటే ఆశ తక్కువ.

ఇకనుంచి వాట్సాప్ బిజినెస్ వాడండి. అందులో క్యాటలాగ్ ఉంది, బండికి పది ఫొటోల దాకా పెట్టొచ్చు. అడిగినవాళ్లకి లింకు పంపితే చాలు. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. కాబట్టి షెడ్డుకి వచ్చిన ప్రతి మనిషి చేత, టీ ఇచ్చే లోపు, నంబరు సేవ్ చేయించండి. ‘లాస్ట్ ప్రైస్ ఎంత?’ అని రోజుకి నలభై మంది అడుగుతారు కదా, ఆ జవాబును క్విక్ రిప్లైగా పెట్టుకుంటే ‘/’ కొట్టగానే వస్తుంది. ఫొటోలకు కెమెరా కొనక్కర్లేదు. పొద్దున ఏడు గంటల ఎండలో, ఫోన్ లెన్సు తుడిచి తీయండి. సగం మంది ఆ తుడవడం దగ్గరే ఆగిపోతున్నారు. గీతలు, సొట్టలు కూడా తీసి పెట్టండి. వచ్చి చూసి మొహం తిప్పుకుని పోయేవాళ్లు తగ్గుతారు.

అమ్మిన కారు ఎక్కడుందో పాత ఓనర్ ఫోన్లో కనిపిస్తోందట. కొన్న పార్టీ మా మీదికి గొడవకు వచ్చారు. – కరీంనగర్

వాళ్ల కోపంలో న్యాయం ఉంది. బ్లూలింక్, సుజుకి కనెక్ట్, ఐరా లాంటి కనెక్టెడ్ సదుపాయం ఉన్న కార్లలో బండి పాత ఓనర్ ఖాతాకే అతుక్కుని ఉంటుంది. కొన్నిట్లో లొకేషన్ చూడటమే కాదు, డోర్ల లాక్ కూడా తీయొచ్చు. బండి మీ చేతికి వచ్చిన రోజే, పార్టీ మీ ఎదురుగా ఉండగానే, ఆయన ఫోన్లోంచి వాహనాన్ని తీసేయించండి. తర్వాత కారు స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. లేకపోతే ఆయన ఫోన్ కాంటాక్టులు, ‘హోమ్’ అని సేవ్ చేసిన ఇంటి చిరునామా కొత్తవాళ్లకి దొరుకుతాయి. ఫాస్టాగ్‌ను కూడా ఇచ్చిన బ్యాంకు ద్వారా అప్పుడే మూయించండి. కొత్త ఓనర్ తిరుపతి వెళ్లొస్తే టోల్ డబ్బులు పాత ఓనర్ ఖాతాలో కట్ అయ్యాయన్న ఫిర్యాదులు నాకు చాలానే వచ్చాయి.

‘ఆర్టీఓ చలాన్’ అని వాట్సాప్‌లో ఫైల్ వచ్చింది. మా స్టాక్ బండిదేమో అని తెరిచాను. టెన్షన్‌గా ఉంది. – రాజమహేంద్రవరం

ఫైల్ పేరు చివర ‘ఏపీకే’ ఉంటే అది చలాన్ కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేసి ఎస్ఎంఎస్ అనుమతి ఇచ్చారంటే మీ ఓటీపీలు అవతలివాడికి వెళ్తాయి. ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి లావాదేవీలు ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఆ తర్వాత ఫోన్ రీసెట్ చేయండి. అసలు చలాన్లు కావాలంటే బండి నంబరు కొట్టి పరివాహన్ ఈ-చలాన్ పోర్టల్లో, తెలంగాణ బండి అయితే అక్కడి పోలీసుల ఈ-చలాన్ సైట్లో మీరే చూసుకోండి. వచ్చిన లింకు ఎప్పుడూ నొక్కకండి.

పనిలో పని, పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి తాళాలు ఇవ్వకండి. మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూడండి. 2 లక్షలు, ఆపైన అయితే ఆర్‌టీజీఎస్ (పెద్ద మొత్తాలకు వాడే బ్యాంకు బదిలీ) అడగండి. 2020 డిసెంబరు నుంచి అది రాత్రీ పగలూ, ఆదివారం కూడా పనిచేస్తోంది. ఒక బండికి 2 లక్షలు లేదా ఆపైన నగదుగా తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడే నిబంధన ఉంది. మూడు రోజులు విడివిడిగా తీసుకున్నా అదే లెక్క.

పార్టీ దగ్గర సంతకం పెట్టిన ఫారాలు తీసుకుని బండి షెడ్డులో పెట్టుకుంటున్నాం. ఆన్‌లైన్లో ఏమైనా చేయాలా? – నల్గొండ

చేయాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు కేంద్రం అధికారిక గుర్తింపు విధానం తెచ్చింది. ఫారం 29ఏతో దరఖాస్తు, 29బీ ధ్రువపత్రం, ఐదేళ్ల గడువు. ఆ తర్వాత బండి మీకు అప్పగించిన సంగతి 29సీ ద్వారా రవాణా శాఖ పోర్టల్లో తెలియజేయాలి. అప్పటి నుంచి బండి బాధ్యత మీది. దానికి బదులుగా ఓనర్ పేరు మార్పు, ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), డూప్లికేట్ ఆర్‌సీ దరఖాస్తులు మీరే పెట్టుకోవచ్చు. బండి బయటికి తీసిన ప్రతిసారీ ఎలక్ట్రానిక్ ట్రిప్ రిజిస్టర్‌లో రాయాలి.

ఇదంతా ఎందుకని మీకు బండి అమ్మిన పార్టీ అడిగితే, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెప్పండి. పలు చేతులు మారిన కారు ప్రమాదం చేస్తే, ఆర్‌సీలో ఎవరి పేరుందో పరిహారం బాధ్యత ఆయనదేనంది. తెల్ల ఫారాల మీద సంతకం పెట్టి ఇంటికెళ్లి నిద్రపోయే ఓనర్‌కి ఆ సంగతి తెలియదు.

ఫోన్లో చేయాల్సింది ఇంకొకటుంది. బండి నంబరు పేరుతో గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ తెరవండి. వచ్చిన రోజు మీటరు ఫొటో, స్కానర్ స్క్రీన్‌షాట్, ఆర్‌సీ, చలాన్ల పేజీ, తాళాలు ఇచ్చేటప్పుడు కొన్నాయన బండి పక్కన నిలబడిన ఫొటో అందులో వేయండి. ఆధార్ కాపీ అవసరమైతే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ అడగండి. మీ కుర్రాడి ఫోన్ గ్యాలరీలో జనాల ఆధార్ కార్డులు ఉంటే ఈ రాత్రికే తీసేయించండి.