మీ ప్రశ్న, మా జవాబు: ఆండీస్ నేతబట్టకు కత్తెర పెట్టొద్దు

పోయిన సంచికలో దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో ఉండే కెచువా, ఐమారా జనాల చేనేత గురించి రెండు పేజీలు వేశాం. దాని మీద వరంగల్, కరీంనగర్, మహబూబాబాద్ వైపు నుంచి ఉత్తరాలు బాగా వచ్చాయి. నేత తెలిసిన ఊళ్లు కాబట్టి ప్రశ్నలు కూడా గట్టిగానే ఉన్నాయి.

మా అబ్బాయి పెరూ వెళ్లి కుస్కోలో ఒక రంగురంగుల ఉన్నిబట్ట కొని తెచ్చాడు. తువ్వాలు కన్నా పెద్దది, దుప్పటి కన్నా చిన్నది. కోడలు దాన్ని కత్తిరించి హ్యాండ్‌బ్యాగులు కుట్టించుకుంటానంటోంది. టైలర్‌కి ఇవ్వొచ్చా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

అప్పుడే ఇవ్వకండమ్మా. ముందు అది చేత్తో నేసిందో, మిషన్ మీద వచ్చిందో చూద్దాం. కుస్కో, బొలీవియాలోని లా పాజ్ సంతల్లో ఇప్పుడు అక్రిలిక్ దారంతో మిషన్ మీద తీసినవి కుప్పలుగా అమ్ముతున్నారు. అలాంటిదైతే బ్యాగులే కాదు, దిండు గలేబులు కుట్టించుకున్నా నాకేం అభ్యంతరం లేదు. చేత్తో నేసిందైతే మాత్రం సంగతి వేరు.

మీరు చెప్పిన సైజును బట్టి అది అవాయో గానీ లిక్ల్యా గానీ అయ్యుంటుంది. అవాయోలో ఆడవాళ్లు పసిపిల్లల్ని, సంత సామాన్లను వీపున కట్టుకుంటారు. లిక్ల్యాను భుజాల మీద కప్పుకొని ఎద దగ్గర పిన్నుతో బిగిస్తారు. నడిమధ్యలో నిలువునా కుట్టు ఉందేమో చూడండి. వాళ్ల మగ్గం ఇరుకు కాబట్టి రెండు ముక్కలు విడివిడిగా నేసి కలిపి కుడతారు. తర్వాత అంచులన్నీ వేలితో తడమండి. కోసిన కొస గానీ, మడిచి కుట్టిన అంచు గానీ తగలకూడదు, ఎందుకంటే వాళ్లు పడుగు దారాన్ని, అంటే నిలువు పోగును, కోయకుండా కర్రల చుట్టూ తిప్పుకుంటూ పోసి, కొసల్లో ఉండే ఆ మెలికల దగ్గర నుంచే నేత మొదలుపెడతారు, అందుకే ప్రతి ముక్కా నాలుగు వైపులా అంచులతోనే మగ్గం దిగుతుంది.

ఇంకో గుర్తు ఉంది, నేనైతే ముందు వెతికేది అదే. ఒక కొస నుంచి కొద్దిగా నేసి, మగ్గాన్ని తిప్పి, రెండో కొస నుంచి నేసుకుంటూ వచ్చి మొదటిదాన్ని కలుస్తారు. ఆ కలిసేచోట చివరి కొద్దిమేరా కర్రలు దూరే సందు ఉండదు, ఒక్కో పేకనూ, అంటే అడ్డపోగునూ, సూదితో లాగాల్సిందే. అక్కడ డిజైన్ కొంచెం చెదిరి, నేత కాస్త వదులుగా కనిపిస్తుంది. చూసినవాళ్లు డ్యామేజీ పీసు అనుకుంటారు గానీ, మనిషి చెయ్యి పడిందనడానికి అంతకంటే రుజువు లేదు. వదులైన పోగు ఏదైనా దొరికితే కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది, అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

ఇవన్నీ సరిపోతే కత్తెర పెట్టొద్దని కోడలికి నా మాటగా చెప్పండి. కోసిన చోటల్లా పోగులు ఊడిపోతాయి, అది ఒకటి. అసలు సంగతి ఏంటంటే, కోయకుండా వాడుకునేటట్టే దాన్ని నేశారు. తల దూర్చి వేసుకునే పోంచోకు కూడా వాళ్లు మెడ దగ్గర కోయరు, రెండు ముక్కలు కలిపి కుట్టేటప్పుడు నడుమ చీలిక వదిలేస్తారు. ఉన్ని వడకడం దగ్గర నుంచి లెక్కేస్తే ఒక ఆడమనిషి ఇంటిపని, పొలంపని మధ్యలో నెలల తరబడి కూర్చున్న కష్టం అది. చలికాలం కోడలు భుజాల మీద వేసుకుంటే అంతకన్నా అందం ఉండదు.

నేను కొత్తవాడలో దర్రీలు నేస్తాను. వాళ్ల మగ్గానికి పన్నె (పడుగు పోగుల్ని విడదీసే దువ్వెన) లేదు, ఫ్రేమ్ లేదు అని రాశారు. మరి బిగువు ఎట్లా వస్తది? మా మగ్గం మీద ఆ పని చేయొచ్చా? – ఒక నేత కార్మికుడు, వరంగల్

మీ ప్రశ్న చదివి చాలా సంతోషమైంది అన్నా. మీ దర్రీలో పేక పడుగును కప్పేస్తుంది, పంజాతో, అంటే పళ్ల పనిముట్టుతో, కొట్టి కొట్టి కూరుస్తారు, రంగూ డిజైనూ పేకలోనే ఉంటాయి. అక్కడ దానికి పూర్తిగా ఉల్టా. పడుగు పోగులు ఎంత దగ్గరగా ఉంటాయంటే పేక బయటికే కనపడదు, పువ్వంతా పడుగులో నుంచే లేస్తుంది.

బిగువు నడుముతో వస్తుంది. పడుగు ఒక కొసన ఉన్న కర్రను గుంజకు కడతారు, రెండో కొసను వెడల్పాటి పట్టీతో నేసేవాళ్ల నడుముకు కట్టుకుంటారు. వెనక్కి వాలితే బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. ఐమారా ఊళ్లలో ఇంకో రకం కూడా ఉంది, నేలలో నాలుగు గూటాలు కొట్టి వాటికే పడుగు కట్టేస్తారు. పడుగు పోసేటప్పుడు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని దారపు ఉండను ఒకరికొకరు అందించుకుంటారు. డిజైన్‌కి కావాల్సిన పోగుల్ని వరుసవరుసకూ వేళ్లతో ఏరి పైకెత్తుతారు, పేక వేశాక లామా అనే జంతువు ఎముకతో చేసిన మొనదేలిన పనిముట్టుతో కొట్టి కూరుస్తారు. దాన్ని విచున్యా అంటారు. గ్రాఫ్ పేపరు లేదు, లెక్కంతా తలలోనే. ఆడపిల్లలు ముందు సన్నటి పట్టీలతో మొదలుపెట్టి, నడుముకు చుట్టే చుంపి దాకా వచ్చి, ఆ తర్వాతే పెద్ద బట్ట పడతారు. మీకు నచ్చే సంగతి ఇంకొకటి: చాలాచోట్ల అంచు పోగులకు మాత్రం ఎడమ పురి పెట్టిన దారం వాడతారు. దాన్ని లొకె అంటారు. అది అంచును ముడుచుకోనివ్వదు, పైగా కీడు సోకకుండా కాస్తుందని వాళ్ల నమ్మకం.

మీ మగ్గం మీద వద్దు, దాని అవసరమే లేదు. కిటికీ ఊచకు ఒక కొస కట్టి, రెండో కొస నడుముకు కట్టుకుని రెండు వేళ్ల వెడల్పు పట్టీ నేసి చూడండి. దర్రీ నూలు మాత్రం పనికిరాదు, పోగులు ఒకదానికొకటి రాసుకుని నూగు లేచి అతుక్కుంటాయి. గట్టి పురి ఉన్న సన్న నూలు తీసుకోండి. మీ చేతికి ఇది తొందరగానే పట్టుబడుతుంది, అందులో నాకు అనుమానం లేదు.

చెవుల టోపీలు అక్కడ మగవాళ్లే అల్లుతారంట, నిజమేనా? – జగిత్యాల

తకీలే దీవిలో నిజమే. టిటికాకా సరస్సులో పెరూ వైపున్న కెచువా దీవి అది. అక్కడ చుల్లో టోపీ అల్లడం మగవాళ్ల పని, మగపిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటారు. టోపీ మొత్తం ఎర్రగా ఉంటే పెళ్లయినవాడు, పైసగం తెల్లగా ఉంటే ఇంకా కాలేదు. ఆడవాళ్లు నేసే వెడల్పాటి నడుంపట్టీ మీద ఏడాది పొడుగునా వచ్చే పొలం పనులు, పండుగలు బొమ్మలుగా ఉంటాయి. ఈ కళను యునెస్కో 2005లోనే గుర్తించింది.

ఆ ఎర్ర రంగు పురుగుల నుంచి వస్తుందని చదివాను. ఆ పురుగు మన దగ్గర పెరగదా? – ఒక విద్యార్థిని, కాకతీయ యూనివర్సిటీ

కోచినీల్ అనే పురుగు, నాగజెముడు ఆకుల మీద తెల్లటి బూజులా అంటుకుని బతుకుతుంది. దాన్ని ఎండబెట్టి నూరితే ముదురు ఎరుపు వస్తుంది. అదే రంగుకు నిమ్మరసం తగిలితే నారింజలోకి, క్షారం తగిలితే ఊదాలోకి తిరుగుతుంది. పటిక లాంటి లవణం వేసి ఉడికిస్తేనే ఉన్నికి గట్టిగా పడుతుంది. ఇవాళ ప్రపంచంలో ఈ పురుగును అందరికంటే ఎక్కువ పండించేది పెరూనే.

మన దేశంలో పెంచాలని 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ ఆశపడింది. 1795లో తెచ్చింది మాత్రం వేరే జాతి పురుగు. అది ఇచ్చిన రంగు నాసిరకం, పైగా ఒక రకం నాగజెముడును చాలాచోట్ల తుడిచిపెట్టేసింది. మీది బాటనీ అయితే దీని మీద ప్రాజెక్ట్ చేయండి, మంచి సబ్జెక్ట్.

మా తండాలో ఆడవాళ్ల బట్టలు, మీరు వేసిన ఫోటోలు పక్కపక్కన పెడితే చుట్టాల్లా ఉన్నాయి. ఏమైనా సంబంధం ఉందా? – ఒక టీచరమ్మ, మహబూబాబాద్ జిల్లా

చరిత్రలో సంబంధం లేదు టీచర్‌గారూ. పనితనం కూడా వేరు: లంబాడీ పని నేసిన బట్ట మీద అద్దాలు, గవ్వలు పెట్టి సూదితో కుట్టేది, అక్కడిది నేతలోనే పుట్టేది. కానీ ఆ బట్టలు వేసుకున్నందుకు పడ్డ మాటలు మాత్రం ఒకలాంటివే. 1780లో పెరూలో తుపాక్ అమారు అనే నాయకుడు స్పెయిన్ పాలన మీద తిరుగుబాటు చేశాక, 1781లో స్పెయిన్ అధికారులు ‘ఇంకా’ వంశపు రాజుల (స్పెయిన్ వాళ్లకు ముందు అక్కడ ఏలినవాళ్లు) కాలపు బట్టలు వేసుకోవద్దని ఆంక్ష పెట్టారు. కుచ్చుల లంగా పొయ్యెరా స్పెయిన్ వాళ్ల నుంచి వచ్చిందే, ఐమారా ఆడవాళ్లు దాన్ని తమదిగా చేసుకుంటే, మళ్లీ ఆ లంగా కట్టినందుకే బొలీవియా పట్నాల్లో వాళ్లను చిన్నచూపు చూశారు. 2006లో ఐమారా మనిషి ఎవో మొరాలెస్ అధ్యక్షుడయ్యాడు, 2010లో జాతివివక్షకు వ్యతిరేకంగా చట్టం వచ్చింది. మీ పిల్లలకు ఈ ఫోటోలు తప్పకుండా చూపించండి, మీ తండాలో ఇంకా కుట్టేవాళ్లు ఉంటే వాళ్లను బడికి పిలిచి పిల్లల ముందు కూర్చోబెట్టండి.

పాతకాలం ఆండీస్ బట్టలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కొనొచ్చా? ఎట్లా ఉతకాలి? – కరీంనగర్

పాతవి వద్దు. బొలీవియాలో కొరోమా అనే ఊరివాళ్లు పూర్వీకుల బట్టల్ని మూటల్లో దాచుకుని కొలుచుకుంటారు. 1980ల్లో దళారులు వాటిని ఎత్తుకెళ్లి విదేశాల్లో అమ్మేశారు. ఊరివాళ్లు పోరాడితే 1989లో అమెరికా ఆ దిగుమతి ఆపింది, 1992లో కొన్ని వెనక్కి వచ్చాయి. ఎవరింటి పెట్టెలో నుంచి వచ్చిందో తెలియని బట్టకు మనం డబ్బు కట్టకూడదు. కొత్తవి, నేసినవాళ్ల సంఘాలు అమ్మేవి కొనండి. కుస్కోలో 1996లో పెట్టిన సంప్రదాయ నేత కేంద్రం అలాంటిదే, నేసినవాళ్ల పేరు కూడా బట్టతోపాటే ఇస్తారు.

ఉతకడానికి ముందు తడి తెల్లగుడ్డను బట్ట మీద ఒత్తి రంగు దిగుతుందేమో చూడండి. దిగితే నీళ్లలో వేయొద్దు, దులిపి గాలికి ఆరేస్తే చాలు. దిగకపోతే చల్లటి నీళ్లు, కాస్త షాంపూ, పిండకుండా తువ్వాల్లో చుట్టి ఒత్తి, నీడలో పరిచి ఆరబెట్టండి. వానాకాలం ఉన్నికి పురుగు పడుతుంది, అందుకని పాత కాటన్ చీరలో చుట్టి ఎండిన వేపాకు వేసి పెట్టండి, నెలకోసారి తీసి మడత మార్చండి.