ఆ ఫోను మీరు చేయవలసినది

అమెరికాలోని ఆల్ఫరెటా నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పెళ్ళయి పన్నెండేళ్ళు నిండిన సందర్భంగా ఆయన అక్టోబరులో ఒక శని, ఆదివారాలు భార్యను అట్లాంటా పక్కనే ఉన్న డెకేటర్‌కు తీసుకెళ్ళారు. పిల్లలను స్నేహితుల ఇంట్లో ఉంచి, హోటల్ గది, శనివారం మధ్యాహ్నం అమెరికా దక్షిణాది భోజనం, రాత్రి ఎడ్డీస్ యాటిక్‌లో పాటల కచేరీ అన్నీ ముందే బుక్ చేసుకున్నారు. శనివారం ఒక్కపొద్దు కావడంతో భార్య ఆ మాంసాహారం ముట్టలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు కచేరీ మధ్యలో లేచి వెళ్ళి, గుంటూరులో ఉన్న తన మామగారితో, అంటే ఈయన తండ్రితో, ఆవిడ గంటసేపు ఫోనులో మాట్లాడారు. గదికి చేరాక మాటామాటా పెరిగి, మర్నాడు పొద్దున్నే ఇంటికి వచ్చేశారు. "ఈసారి ఫోను అందని కొండల్లోకి తీసుకెళ్ళాలా, లేక ఈవిడతో ఇటువంటి సరదాలు మానుకోవడమే మేలా?" అని ఆయన అడుగుతున్నారు.

ఏ ఊరికి వెళ్ళాలన్నది నేను చెప్పవలసిన సంగతి కాదు. మీరు ఎంచుకున్న ఊరిలో లోపమూ లేదు. మా అమ్మాయి దగ్గరకు వచ్చినప్పుడు డెకేటర్ నడిబొడ్డున ఉన్న కోర్టు చౌకులో నేనూ రెండు సాయంత్రాలు గడిపాను. మెట్రో స్టేషను మెట్లెక్కి పైకి రాగానే పాత కోర్టు భవనం, చుట్టూ నడిచి తిరగగలిగినంత దూరంలోనే తిండి, పుస్తకాలు, పాటలు. ఇద్దరు మనుషులు తీరిగ్గా మాట్లాడుకోవడానికి అంతకంటే ఏం కావాలి? కొండల్లో ఫోను అందకపోతే మీ ఆవిడ ఆ గంటసేపూ మామగారు మాత్రలు వేసుకున్నారో లేదో అని ఆందోళన పడుతుంది. అంతకు మించి జరిగేదేమీ లేదు.

భోజనం సంగతి ముందు చెబుతాను. దక్షిణాది వంట అనగానే వేయించిన కోడి ఒక్కటే గుర్తుకు రావలసిన పని లేదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటు ఆ నేలకు చేరిన బెండకాయ, మనం బొబ్బర్లనే నల్లకన్ను గింజలు, ఉప్పు నీళ్ళలో ఉడికించిన వేరుశనక్కాయలు, అక్కడి మూలవాసుల నుంచి వచ్చిన, మొక్కజొన్న రవ్వతో కాచే గ్రిట్స్ అన్నీ ఆ వంటలోవే, అన్నీ మన నోటికి తెలిసినవే. కాకపోతే అక్కడ ఆకుకూరలనూ గింజలనూ పంది మాంసం వేసి ఉడికించే అలవాటు ఉంది కనుక ముందే అడిగి తెలుసుకోవాలి. ఒక్కపొద్దు మనిషికి ఆ పూట భోజనమే రోజంతటికీ ఆధారం. ఆ ఒక్క పూటనూ మీరు మాంసం వడ్డించే చోట బుక్ చేసి, ఆవిడ తినలేదని నొచ్చుకున్నారు. "ఉల్లాసమే తెలియని మనిషి" అని రాశారు. మధ్యాహ్నం నుంచి కడుపులో ఏమీ లేకుండా మీ వెంట ఊరంతా తిరిగిన మనిషి గురించి ఆ మాట రాయకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరం నాలుగో పేరాలో, చాదస్తానికి ఉదాహరణగా, ఒక వాక్యం రాశారు. మూడేళ్ళ క్రితం మీ నాన్నగారికి బైపాస్ జరిగినప్పుడు, ఆయన కోలుకుని తిరుమల వెళ్ళి స్వామి దర్శనం చేసుకునేదాకా శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని మీ భార్య మొక్కుకుంది. ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. మొక్కు మీ నాన్నగారి కోసం. ఆయనను కొండకు తీసుకెళ్ళవలసిన వారు మీరు. తీసుకెళ్ళలేదు కాబట్టే శనివారాలు ఇంకా సాగుతున్నాయి. మీకు దేవుడిపై నమ్మకం లేకపోతే అది మీ ఇష్టం, ఆ విషయంలో నేను వాదించను. కానీ మీ తండ్రి కోసం మీ భార్య మూడేళ్ళుగా పస్తు పడుకుంటూ ఉంటే, దాన్ని ఆవిడ గుణదోషంగా లెక్కవేసే హక్కు మీకు లేదు.

ఆ ఫోనూ అంతే. మీకు శనివారం రాత్రి తొమ్మిదిన్నర అంటే గుంటూరులో ఆదివారం ఉదయం ఏడు, మీ నాన్నగారు మాత్రలు వేసుకునే వేళ. కోడలు అడిగితే తప్ప ఆయన వేసుకోరని మీరే రాశారు. "ఒక్క రోజు మానితే ఏమవుతుంది?" అని ఆవిడను నిలదీశారు గానీ, "ఈ రోజు నేను చేస్తాను, నువ్వు కూర్చుని పాట విను" అని అనాలని మీకు తోచలేదు. ఎందుకు తోచలేదో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. ఫోను చేస్తే ఆయన మీ చదువు కోసం అమ్మిన రెండెకరాల సంగతే ఎత్తుతారు, అది వినడం మీకు ఇష్టం లేదు. అందువల్ల కొడుకు మాట్లాడవలసిన మాటలన్నీ కోడలి మీద పడ్డాయి.

ఇది మీకూ మీ భార్యకూ మధ్య వచ్చిన తగాదా అని నేను అనుకోవడం లేదు. మీకూ మీ నాన్నగారికీ మధ్య ఏళ్ళ తరబడి ఆగిపోయిన మాట ఇది. అత్తమామలను చూసుకోవడం కోడలి ధర్మమని మనవాళ్ళు చెప్పే మాటను నేను కాదనను, కానీ కొడుకు తప్పుకున్న చోట నిలబడడం ఆవిడ ధర్మంలో భాగం కాదు. ఆవిడ చేస్తున్నది అభిమానంతో. దానికి కనీసం ఆవిడ ఆత్మగౌరవం దెబ్బ తినకుండా చూడడం మీ వంతు.

సంక్రాంతికో వేసవిలోనో సెలవు పెట్టి వెళ్ళండి. 65 ఏళ్ళు దాటిన వారికి తిరుమలలో ప్రత్యేక దర్శనం కోటా ఉంది, మీ నాన్నగారికి 71 అన్నారు కదా. డాక్టరును అడిగి, కారులోనే కొండపైకి తీసుకెళ్ళండి. ఖర్చు గురించి మీ ఆవిడతో లెక్కలు వేయకండి. ఆవిడ మొక్కు తీరాక డెకేటర్‌కు మళ్ళీ వెళ్ళండి, ఈసారి ఆ రెండు రోజులూ ఎలా గడపాలో ఆవిడనే చెప్పమనండి.

ఇంకొక్క మాట. ఆ చౌకులో నల్లజాతివారి పౌరహక్కుల కోసం పోరాడిన నాయకుడు జాన్ లూయిస్ విగ్రహం ముందు నిలబడి, బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి యుద్ధం చేసిన దక్షిణాది పక్షానికి గుర్తుగా 1908లో అక్కడ నిలిపిన స్మారక స్తంభాన్ని 2020లో ఎందుకు తీసేశారో, 2024లో ఈయన విగ్రహం ఎలా వచ్చిందో అరగంట వివరించారనీ, ఆవిడ శ్రద్ధగా విన్నదనీ రాశారు. ఎవరి నేల మీద ఎవరి గుర్తు నిలవాలన్న సంగతి మీకు అంత బాగా తెలుసు కాబట్టి అడుగుతున్నాను. వచ్చే శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు గుంటూరుకు మీరే ఫోను చేయండి. మాత్రలు వేసుకున్నారా అని అడగండి. నాన్నగారు రెండెకరాల సంగతి ఎత్తితే పెట్టేయకండి. ఆ చేను ఊరికి ఏ వైపున ఉండేదో, ఏ పంట వేసేవారో, అమ్మిన రోజు ఆయన ఇంటికి వచ్చి మీ అమ్మగారితో ఏమన్నారో అడగండి.