పెన్నేరు వేళ్లపై పనిచేయాలంటే బోటనీయా, కెమిస్ట్రీయా?

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో బీఎస్సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) రెండో ఏడాది చదువుతోంది. మందుమొక్కల వేళ్లలోని రసాయనాలపై పనిచేస్తానంటోంది. ఎమ్మెస్సీ ఎందులో చేర్పించాలి?

జవాబు: కెమిస్ట్రీలో చేర్పించండి. అందులోనూ ఆర్గానిక్ లేదా అనలిటికల్. మొక్కను గుర్తుపట్టేంత బోటనీ డిగ్రీలోనే వస్తుంది. ఉద్యోగమిచ్చేవాళ్లు మాత్రం 'ఈ పొడిలో ఏ పదార్థం ఎంత ఉంది, ఎలా తేల్చావు?' అని అడుగుతారు.

మీ రాయలసీమలో పండే పెన్నేరునే, అంటే అశ్వగంధనే చూడండి. దాని వేరులో విథనోలైడ్లనే రసాయనాలు ఉంటాయి. ఎక్స్‌ట్రాక్టును, అంటే వేరు నుంచి తీసిన సారాన్ని, వాటి శాతం చూసే కొంటారు. అయితే వాటిలో ఒకటైన విథాఫెరిన్-ఏ వేరులో కన్నా ఆకులో ఎక్కువ. వేరు పొడిలో ఆకు కలిపితే శాతం పెరుగుతుంది, సరుకు మాత్రం కల్తీ అవుతుంది. ఆకులు వాడొద్దని 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులకు చెప్పాల్సి వచ్చింది. మొత్తం శాతం ఒక్కటే చూస్తే ఈ కల్తీ దొరకదు. హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) గ్రాఫులో ఒక్కో పీక్‌ను, అంటే ఒక్కో పదార్థానికి వచ్చే శిఖరాన్ని, విడిగా చూడాలి, ఆకులో ఉండే ఫ్లేవనాల్ గ్లైకోసైడ్లనే పదార్థాల కోసం వెతకాలి. ఇది తెలిసిన అమ్మాయికి క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో విలువ ఉంటుంది.

మూడో ఏడాది ప్రాజెక్టుగా దీన్నే చేయమనండి. వేళ్లను మట్టి పోయేదాకా కడిగి, నీడన ఆరబెట్టి, దంచి 40 మెష్ జల్లెడ పట్టాలి. 10 గ్రాముల పొడిని 100 మి.లీ. మిథనాల్‌తో సాక్స్‌లెట్‌లో (ద్రావకాన్ని మళ్లీ మళ్లీ పొడి మీదుగా పోనిచ్చి సారం తీసే గాజు పరికరం) 6 గంటలు ఉంచి, మిథనాల్‌ను రోటరీ ఎవాపరేటర్‌లో (తక్కువ పీడనంలో ద్రావకాన్ని ఆవిరి చేసే పరికరం) 45 డిగ్రీలు దాటకుండా ఆవిరి చేయాలి. 1.2 గ్రాముల సారం మిగిలితే 12 శాతం వచ్చినట్టు. తర్వాత క్లోరోఫాం, మిథనాల్ 9:1లో టీఎల్‌సీ (పూత పూసిన పలకపై పదార్థాలను మచ్చలుగా విడదీసే పరీక్ష) నడిపి, మచ్చలు కనబడేందుకు అనిసాల్డిహైడ్-సల్ఫ్యూరిక్ యాసిడ్ చల్లి, 105 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు వేడిచేయాలి. పక్కనే విథాఫెరిన్-ఏ స్టాండర్డ్ (స్వచ్ఛమైన నమూనా) చుక్క పెట్టకపోతే ఏ మచ్చ ఏదో చెప్పలేం. మచ్చ తోకలా సాగిందంటే నమూనా ఎక్కువైందన్నమాట, పలుచన చేసి మళ్లీ పెట్టాలి. వేళ్లు సరిగా ఆరకపోతే బూజు పడుతుంది, పైగా నీటి బరువు కలిసి లెక్క తప్పుతుంది. మిథనాల్ విషం, ఫ్యూమ్ హుడ్ లేనిచోట వద్దు. (సర్పగంధ వేరు ఎంచుకుంటే ఇంకో జాగ్రత్త: అందులోని రిసర్పిన్ వెలుతురుకు పాడవుతుంది, ముదురు రంగు సీసాలు కావాలి.)

ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలుగా ఏపీ పీజీసెట్, తెలంగాణ సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైతే సీయూఈటీ-పీజీ ఉన్నాయి. ఐఐటీల కోసం జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసేముందు ఒక్కో సంస్థ అర్హతలు చదవండి. కొన్నిచోట్ల ఇంటర్లో మ్యాథ్స్ ఉండాలంటారు, బైపీసీ వాళ్లకు అక్కడే చిక్కు. పరిశోధనకు వెళ్లాలంటే సీఎస్ఐఆర్-నెట్ అనే జాతీయ పరీక్ష రాయాలి. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000తో పాటు ఇంటి అద్దె భత్యం. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ), లక్నోలోని సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ), హైదరాబాద్ పక్కన బోడుప్పల్‌లోని దాని కేంద్రం ఈ రంగానికి దగ్గరివి. ఎంఫార్మసీలో ఫార్మకాగ్నసీ (మొక్కల వంటి సహజ మందు పదార్థాల చదువు) మంచిదే, కానీ బీఫార్మసీ లేనిదే చేర్చుకోరు. డిగ్రీ సగంలో ఉన్నాక దానికోసం వెనక్కి వెళ్లొద్దు.

సీటు ఖాయం చేసుకునేముందు ఒకసారి ఆ కాలేజీ ల్యాబుకు వెళ్లి హెచ్‌పీఎల్‌సీ లాగ్‌బుక్ చూపించమనండి. గత ఆరు నెలల్లో విద్యార్థుల పేర్లతో ఎన్ని రన్లు (యంత్రంపై చేసిన పరీక్షలు) ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కటీ లేకపోతే ఇంకో కాలేజీ చూసుకోండి.