శుక్రవారం హనుక్కా దీపాలు: ఏవి ముందు?

నమస్తే అండీ. కోడలు ఊళ్లో లేదు, శుక్రవారం హనుక్కా (యూదుల ఎనిమిది రాత్రుల దీపాల పండుగ) నాలుగో రాత్రి, మనవడి చేత దీపాలు పెట్టించాలి, షబ్బాత్ (శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం) కొవ్వొత్తులూ ఉన్నాయి, ఏవి ముందు అని అడిగారు కదా. హనుక్కావే ముందు. షబ్బాత్ దీపం పెట్టాక ఇక నిప్పు ముట్టించరు, అందుకని. రెండూ సూర్యాస్తమయానికి ముందే అయిపోవాలి.

అసలు చిక్కు ఇక్కడే. హనుక్కా దీపం చీకటి పడ్డాక కనీసం అరగంట వెలగాలి. హనుక్కా కోసం పెట్టెలో వచ్చే 44 సన్న కొవ్వొత్తులు మామూలుగా అరగంటకే అయిపోతాయి, శుక్రవారానికి చాలవు. ఆ ఒక్క రోజుకు పెద్దవి కొనండి, లేదా చిన్న గాజు గిన్నెల్లో ఆలివ్ నూనె పోసి వత్తులు వేయండి. వత్తులు వేయడం మీకు ఎవరూ నేర్పక్కర్లేదుగా!

రాత్రికొక దీపం పెరుగుతుంది. పేర్చడం కుడి నుంచి ఎడమకు. వెలిగించడం ఎడమ నుంచి, అంటే ఆ రోజు కొత్తగా చేరినదే మొదట. విడిగా ఉండే సహాయక దీపం షమాష్‌ను ముందు ముట్టించి, దీవెనలు చదివాక దానితో మిగతావి. నాలుగో రాత్రికి దీవెనలు రెండే. మూడోది, షెహెఖెయాను, మొదటి రాత్రి మాత్రమే చదువుతారు. అవి బాబునే చదవనివ్వండి, మీరు పక్కన నిలబడి ఆమెన్ అంటే చాలు.

శనివారం మాత్రం బాగా చీకటి పడి షబ్బాత్ ముగిశాకే వెలిగించాలి. లాట్కెలు (బంగాళాదుంప అట్లు) చేస్తానన్నారు: కోడలు కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటిస్తుంటే ఆ ఇంటి సామాను, ఆ ఇంటి గిన్నెలే వాడండి. బంగాళాదుంప తురుము మాత్రం గట్టిగా పిండండి, లేకపోతే మెత్తబడిపోతాయి.