ఆ పిల్ల బస్సెక్కకముందే ఫోన్ చేయండి

ప్రశ్న: మా వీధిలో పదమూడేళ్ల పిల్లని హైదరాబాద్‌కి ఇంటిపనికి పంపుతున్నారు. తీసుకెళ్లే ఆవిడ వాళ్లమ్మకి అయిదు వేలు అడ్వాన్స్ ఇచ్చింది. నాకు టెన్షన్‌గా ఉంది. పరాయివాళ్ల గొడవ మనకెందుకంటున్నారు మావారు. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, కదిరి

జవాబు: మీ అనుమానం సరైనదేనమ్మా. 14 ఏళ్లలోపు పిల్లని అలా పనిలో పెట్టుకోవడమే నేరం. పైగా ఆ అయిదు వేలు ఉంది చూశారా, అదే ఉరితాడు. రేపు పిల్ల ఏడ్చి ఇంటికొస్తానన్నా ‘ముందు బాకీ కట్టు’ అంటారు, ఆ తల్లికి నోరు పెగలదు. ఈరోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, అర్ధరాత్రయినా పలుకుతారు. ఆ ఆవిడ పేరు, ఊరు, ప్రయాణం ఎప్పుడో తెలిస్తే చెప్పండి, తెలియకపోయినా ఫోన్ మాత్రం ఆపొద్దు. మీవారికి నా మాటగా చెప్పండి, ఆ పిల్ల పరాయిది కాదని.

ఇలా అమ్ముడుపోయిన ఆడపిల్లల్ని కాపాడి తెచ్చాక ఏం చేస్తారని చాలామంది అడుగుతారు. హైదరాబాద్‌లో మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటికని ఖాళీ చేయించినప్పుడు, 1996లో, సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ కలిసి, అలాంటి ఆడవాళ్లని ఆదుకోవడానికి ప్రజ్వల అనే సంస్థ మొదలుపెట్టారు. మొదట తెరిచింది బడి, అక్కడి తల్లుల పిల్లలు అదే రొంపిలోకి జారకుండా. తర్వాత బయటపడ్డ ఆడపిల్లలకి కుట్టుమిషన్‌తో సరిపెట్టకుండా వెల్డింగ్, వడ్రంగం, బుక్‌బైండింగ్ నేర్పారు. ముఖానికి అద్దం పెట్టుకుని నిప్పురవ్వల మధ్య ఇనుము అతికే అమ్మాయిని తలుచుకోండి, నాకైతే కళ్లు చెమరుస్తాయి.

ప్రయాణం ఎప్పుడన్నారు? ఉత్తరం చేరేలోపే అయితే, ఎదురుచూడకండి, ముందు ఫోన్ చేసేయండి.